ఇచ్చిపుచ్చుకొను తీగ: సమవేగపు డి.ఎస్.ఎల్. చరిత్రము

టెలిఫోను పుట్టిననాటినుండియు దానికొక మంచి గుణము కలదు. ఈ కొనయందున్నవాడు ఎంత మాటలాడగలడో, ఆ కొనయందున్నవాడును అంత మాటలాడగలడు. కచేరీకి పోవు తీగయైనను, కిరాణా కొట్టునకు పోవు తీగయైనను ఈ విషయమున భేదము నెరుగదు. అలెగ్జాండరు గ్రహంబెల్ 1876లో టెలిఫోనునకు పేటెంటు పొందిననాడు తీగకు రెండు కొనలుండెనే కాని, ఎగువ దిగువలు లేకుండెను.

ఈ ఎగువ దిగువలు నూరేండ్లు గడచిన పిమ్మట వచ్చినవి. అదే రాగి తీగపై ఇంటర్నెట్టు ఇండ్లకు చేరినప్పుడు, ఇంటికి వచ్చు సమాచారము ఏరువలె వచ్చుచుండగా, ఇంటినుండి పోవు సమాచారము తూముగుండా పారు నీటివలె సన్నగా పోయెను. దీని ఫలితమెట్టిదో ఒక చిన్న లెక్కవలన తెలియును. ఒక గ్రంథాలయము తనయొద్ద నున్న పాత పుస్తకమునకు పుట పుటకు ఛాయాచిత్రములు తీసి, నూరు మెగాబైట్ల ప్రతిగా ఇతరులకు పంపదలచినదనుకొందము. సెకనుకు 8 మెగాబిట్ల వేగమున అట్టి ప్రతిని తెచ్చుకొనుటకు నూరు సెకనులు చాలును. కాని అదే తీగపై పంపు వేగము 512 కిలోబిట్లే అయినచో, తన ప్రతిని పైకి పంపుటకు ఇరువదియారు నిమిషములు పట్టును. చదువుకొనువానికి ఒక వేగము, చదివింపదలచినవానికి వేరొక వేగము ఏర్పడినదన్నమాట.

అయితే రాగి తీగపై రాకపోకలు రెండును సమానముగా సాగు సేవ కూడ ఒకటి కలదు. దానికి సిమ్మెట్రిక్ డిజిటల్ సబ్‌స్క్రైబర్ లైను, సంగ్రహముగా ఎస్.డి.ఎస్.ఎల్., అని పేరు. ఇది ఇండ్లకు అంతగా రాలేదు. బ్యాంకులకును, కార్యాలయములకును పోయెను. ఆ సేవను నడపు మోడెమును, రౌటరును అమర్చుటకు కూర్చున్నవాని యెదుట కొన్ని గడులు కనిపించును. ఇది ఏ కొన? ఎన్ని జంటలు? ఏ అనెక్సు? ఎంత వేగము? చూచుటకు ఇవి పొడి ప్రశ్నలే. కాని ఒక్కొక్క గడి వెనుక ఒక్కొక్క తరము ఇంజనీర్ల శ్రమ దాగియున్నది.

తొలి టెలిఫోను తీగ ఒంటి తీగ. ఇనుప తీగ నొకదానిని స్తంభములపై లాగి, తిరుగు దారికి భూమినే వాడుకొనెడివారు. టెలిగ్రాఫునకు ఆ పద్ధతి చాలినది. కాని టెలిఫోను చెవి మిక్కిలి సున్నితమైనది. ప్రక్క తీగలలోని టెలిగ్రాఫు టకటకలును, నగరములలో ఎలక్ట్రిక్ ట్రాములు వచ్చిన తరువాత వాని రొదయు మాటలలో కలిసిపోయెను. దీనికి విరుగుడుగా బెల్ 1881లో రెండు తీగలను జడవలె పురిపెట్టి వాడు పద్ధతికి పేటెంటు పొందెను. పురిలో రెండు తీగలును మాటిమాటికి చోటు మార్చుకొనును. కావున బయటి రొద రెండింటిపైనను సమముగా పడి, ఒకదానిలోనిది మరియొకదానిలోనిదానిని చెల్లగొట్టును. కలకత్తా, బొంబాయి, మదరాసు నగరములలో 1882 జనవరిలో టెలిఫోను ఎక్స్ఛేంజీలు తెరువబడునాటికి ఈ పురి వయస్సు ఏడాది కూడ నిండలేదు. నేటికిని భూమిలో పాతిన టెలిఫోను కేబులును కోసి చూచినచో ఆ జంట తీగల పురియే కనిపించును.

రొద తగ్గెను, దూరము మాత్రము లొంగలేదు. కేబులు పొడవు పెరిగినకొలది మాట నీరసించి, అస్పష్టమయ్యెడిది. తీగకు తగినంత స్వయంప్రేరణము చేర్చినచో మాట చెడకుండ పోవునని 1887లో ఆంగ్లేయుడైన ఆలివరు హెవిసైడు సిద్ధాంతీకరించెను. అతడు బడిచదువు పదునారవయేటనే ముగించినవాడు. పెద్దలు అతని మాటను చాలకాలము పెడచెవిని పెట్టిరి. దానిని ఆచరణకు తెచ్చిన ఖ్యాతికై ఇద్దరు పోటీపడిరి. ఒకడు అమెరికను టెలిఫోను కంపెనీలోని జార్జి క్యాంబెలు. రెండవవాడు కొలంబియా విశ్వవిద్యాలయములోని మిహాయిలో పుపిను. పేటెంటు 1900లో పుపినునకు దక్కెను. కంపెనీ దాని హక్కులను కొనుగోలు చేసెను. ఈ పుపిను సెర్బుల కుటుంబమున, ఇద్వోరు అను పల్లెలో పుట్టినవాడు. బాల్యమున రాత్రివేళ ఎద్దులను కాయుచు, నేలలో కత్తిని గ్రుచ్చి దానికి చెవినానించి దూరపు చప్పుళ్లను వినెడివాడినని తన ఆత్మకథలో వ్రాసికొనెను. ఆ ఆత్మకథకు 1924లో పులిట్జరు బహుమానము వచ్చినది. నేలకు చెవినానించిన బాలుడు నేలలోని తీగకు మాట నేర్పుట చిత్రమే.

పుపిను చుట్టలు, అనగా లోడింగు కాయిలులు, కేబులు పొడవునను నియతమైన దూరములలో అమర్చబడెను. బాగుగా వాడుకలోనికి వచ్చిన ఒక పద్ధతిలో 88 మిల్లీహెన్రీల కాయిలును ప్రతి 6000 అడుగులకు ఒకటి చొప్పున వేసెడివారు. దానితో మాట ఎంతో దూరము స్పష్టముగా పోయెను. కాని ఆ మేలుకు ఒక మూల్యము చెల్లింపవలసివచ్చెను. కాయిలులు వేసిన తీగ మాటకు వలసిన స్వరములను మాత్రమే పోనిచ్చును. సెకనుకు సుమారు నాలుగు వేల ఆవర్తనములు దాటిన దేనినైనను త్రోవలోనే ఆపివేయును. 1900లో దానివలన ఎవరికిని నష్టము కలుగలేదు. మాట తప్ప ఆ తీగపై పంపవలసిన దేదియు లేకుండెను. తొంబదియేండ్ల తరువాత డి.ఎస్.ఎల్. వేయవచ్చిన పనివాండ్రు చేయవలసిన మొదటి పని, పూర్వులు భద్రముగా వేసిన ఆ కాయిలులను వెదకి తొలగించుట అయ్యెను.

మాటను అంకెలుగా మార్చి పంపు ఊహ ఆలెక్ రీవ్సు అను ఆంగ్ల ఇంజనీరుది. పారిసు నగరములోని ప్రయోగశాలలో పనిచేయుచు, 1937లో అతడు దానిని రూపొందించెను. మాటను సెకనుకు ఎనిమిది వేలసార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను ఎనిమిది బిట్లతో వ్రాసినచో 64 కిలోబిట్లు అగును. ఆ 64 అను సంఖ్య నేటికిని టెలిఫోను ఇంజనీర్లకు తూనికరాయి వంటిది. అప్పటికి తగిన పరికరములు లేనందున ఆ ఊహ పాతికేండ్లు వేచియుండెను. 1962లో బెల్ సంస్థ అమెరికాలో టి-1 అను లైనును ప్రవేశపెట్టెను. అది రెండు జంటలపై ఇరువదినాలుగు సంభాషణలను సెకనుకు 1544 కిలోబిట్ల వేగమున మోసెను. ఒక జంట పోవుటకు, రెండవది వచ్చుటకు. త్రోవలో ప్రతి 6000 అడుగులకు ఒక రిపీటరు కావలసివచ్చెను. ఆ దూరమునే ఎన్నుకొనుటలో నేర్పున్నది. పుపిను కాయిలుల కొరకు అంతకంత దూరమున పనివాడు దిగు గోతులు ముందే త్రవ్వియున్నవి. కాయిలు తీసి అదే చోట రిపీటరును పెట్టిరి. ఐరోపాలోను, భారతదేశములోను వాడుకలోనికి వచ్చిన ఇ-1 లైను వేగము 2048 కిలోబిట్లు.

ఇట్లు సమవేగపు లైను ముందుగా ఎక్స్ఛేంజికి, ఎక్స్ఛేంజికి నడుమ నడచినది. తరువాత పెద్ద కంపెనీలు దానిని తమ గుమ్మము వరకు అద్దెకు కోరినవి. ఆ కోరిక తీర్చుట సులభము కాదు. జంటలను ఎన్నవలెను; కాయిలులను, మధ్యలో వ్రేలాడు కొసతీగలను తీసివేయవలెను; గోతులలో రిపీటర్లను దించవలెను. ధర కూడ శ్రమకు తగినట్లే ఉండెను.

ఈ కష్టమును తగ్గించిన వారిలో జోసెఫ్ లెక్లైడరు పేరు ముందు చెప్పదగినది. ఇతడు 1984లో అమెరికను టెలిఫోను సామ్రాజ్యము ముక్కలైన పిమ్మట ఏర్పడిన బెల్‌కోర్ పరిశోధన సంస్థలో పనిచేసెను. అప్పటికే ఐ.ఎస్.డి.ఎన్. అను సేవకై ఒక ఉపాయము సిద్ధమైయుండెను. ఒకే జంటపై ఇరువురును ఒకేమారు మాటలాడుచుండగా, ఎవరి మోడెము తన గొంతు ప్రతిధ్వనిని తానే గుర్తించి తీసివేసికొనును. మిగిలినది ఎదుటివాని మాట. ఈ ప్రతిధ్వని నివారణమువలన సెకనుకు 160 కిలోబిట్లు రెండు దిక్కులకును అయిదున్నర కిలోమీటర్ల వరకు పోయెను. దానినే హెచ్చు వేగమునకు సాగదీసినది హెచ్.డి.ఎస్.ఎల్. టి-1 భారమును రెండు జంటలకు పంచి, ఒక్కొక్కదానిపై 784 కిలోబిట్లను రెండు దిక్కులకును నడపుటచే సుమారు 12,000 అడుగుల వరకు రిపీటరే అక్కరలేకపోయెను. 1990 తరువాతి తొలి ఏండ్లలో ఇది వాడుకకు వచ్చెను. గోతులలోనికి దిగవలసిన పని చాలవరకు తప్పెను.

ఇక్కడ ఒక ప్రశ్న కలుగును. సమవేగము ఇంత చక్కగా కుదిరినప్పుడు ఇండ్లకు అసమవేగమును ఎందుకిచ్చిరి? లోభమువలన ఇచ్చిరనుట తేలిక. కాని అది పూర్తి సత్యము కాదు. ఒక కేబులులో వందలకొలది జంటలు ఒరసికొనియుండును. ఎక్స్ఛేంజి యొద్ద వానినుండి బయలుదేరు సంకేతములు బలముగా నుండును. దూరమునుండి వచ్చిన సంకేతములు అలసి సొలసి చేరును. రెండును ఒకే స్వరశ్రేణిలో నున్నచో, బయలుదేరు బలమైన ధ్వని ప్రక్క జంటలోనికి కారి, వచ్చిన బలహీనమైన ధ్వనిని ముంచివేయును. దీనినే లైనుమెన్లు క్రాస్‌టాక్ అందురు. పెండ్లి పందిటిలో బాజాల ప్రక్కన నిలిచి దూరపు బంధువు పిలుపును వినవలసిన వాని అవస్థ వంటిది. వచ్చుదానికి విశాలమైన స్వరశ్రేణిని వేరుగా కేటాయించి, పోవుదానికి సన్నని శ్రేణిని వేరొకచోట ఇచ్చినచో ఎక్స్ఛేంజి యొద్ద ఈ పోరు తగ్గును. ఈ సూక్ష్మమును కనిపెట్టి అసమవేగపు ఏ.డి.ఎస్.ఎల్.ను ప్రతిపాదించినవాడును ఆ లెక్లైడరే. సమానమైన తీగకును, అసమానమైన తీగకును దారిచూపినవాడొక్కడే అగుట ఈ చరిత్రములో విశేషము.

ప్రకృతి కారణమొకటి యున్నను, మనుష్యుని ఊహ కూడ అందులో కలిసినది. నాటి టెలిఫోను కంపెనీల చూపు సినిమాలపై నుండెను. ఇంటివాడు కోరిన చిత్రము తీగపై రావలెను. అతడు పంపవలసినది మీట నొక్కిన సంకేతము మాత్రమే. తొలి నమూనాలలో వచ్చునది సెకనుకు 1500 కిలోబిట్లు కాగా, పోవునది అరువదినాలుగు కిలోబిట్లకు మించకుండెను. ఇంటివానిని ప్రేక్షకునిగా భావించి గీసిన కొలత అది. అతడు చెప్పవలసినది కూడ ఏదైన నుండునని నాడు ఎక్కువమంది తలచినట్లు లేదు.

చెప్పవలసినవారు కార్యాలయములలో కనిపించిరి. తమ సమాచారమును తామే ఇతరులకు అందింపవలసిన దుకాణదారులు, ముద్రాపకులు, బ్యాంకులవారు పంపు వేగమును అడిగిరి. అమెరికాలో 1996 టెలికమ్యూనికేషన్ల చట్టము పాత కంపెనీల తీగలను క్రొత్త కంపెనీలకు అద్దెకిప్పించుటతో, ఒకే జంటపై నడచు ఎస్.డి.ఎస్.ఎల్.ను నార్త్‌పాయింట్ వంటి సంస్థలు చిన్న వ్యాపారులకు అమ్మినవి. ధర టి-1 కంటె చాల తక్కువ. కాని ఆ కాలమున దీనికి అందరు ఒప్పుకొన్న ప్రమాణము లేదు. ఎక్స్ఛేంజిలోని పెట్టె ఒక తయారీదారునిది, దుకాణములోని పెట్టె మరియొకనిది అయినచో పొత్తు కుదురుట అరుదు. వేగమును రెండు కొనలయందును చేతితో ఒకే అంకెగా పెట్టవలసియుండెను. అప్పులతో పెరిగిన నార్త్‌పాయింట్ 2001 జనవరిలో దివాలా తీసెను. మార్చి చివర దాని యంత్రములు ఆగుటతో సుమారు లక్ష లైనులు మూగవోయినవి. భూమిలోని రాగి చెడలేదు. ఆ చివర బదులు పలుకు పెట్టె లేక తీగ ఊరకుండెను.

అదే 2001 ఫిబ్రవరిలో అంతర్జాతీయ టెలికమ్యూనికేషను యూనియను జి.991.2 అను ప్రమాణమును ఆమోదించెను. దీనినే ఎస్.హెచ్.డి.ఎస్.ఎల్. అందురు. ఒక జంటపై సెకనుకు 192 కిలోబిట్లు మొదలు 2312 కిలోబిట్ల వరకు, ఎనిమిది కిలోబిట్ల మెట్లుగా వేగమును ఎన్నుకొనవచ్చును. ఒక్కొక్క సంకేతమునకు పదునారు మట్టములు. అనగా నాలుగు బిట్లు. అందు మూడు సరకు, నాలుగవది కావలివాడు. రొదలో ఒక మట్టము మరియొకటిగా వినబడినను సరిదిద్దుకొనుటకు ఆ కావలి. గాట్‌ఫ్రీడ్ ఉంగర్‌బోక్ 1982లో ప్రకటించిన ట్రెల్లిస్ సంకేత పద్ధతి దీనికి ఆధారము.

ఇక ఆ గడుల సంగతి. మొదటిది, ఇది ఏ కొన అనునది. సమవేగపు లైనులో కూడ ఒకరు ముందు పలుకవలెను, ఒకరు బదులియ్యవలెను. ఎక్స్ఛేంజి వైపు పెట్టెను సి.ఓ. అనియు, చందాదారు వైపు పెట్టెను సి.పి.ఇ. అనియు అమర్తురు. ఎక్స్ఛేంజి లేకుండ రెండు భవనముల నడుమ సొంత తీగపై రెండు రౌటర్లను కలుపువారు ఇక్కడనే పొరపడుదురు. రెండింటిని సి.పి.ఇ.గా ఉంచుటచే, పెండ్లిచూపులలో ఇరువైపులవారును ఎదుటివారే మొదలుపెట్టుదురని ఎదురుచూచినట్లు, దీపము మినుకుమినుకుమనుచుండునే కాని లైను లేవదు.

రెండవది అనెక్సు. ప్రమాణము ఒకటే యైనను ఉత్తర అమెరికా తీగలకు అనెక్సు ఏ, ఐరోపా తీగలకు అనెక్సు బి అని విద్యుద్బలపు నియమములు వేరుచేయబడినవి. ప్రక్క జంటలపై నడచు ఇతర సేవలకు హాని కలుగకుండుటకే ఈ భేదము. ఇది టి-1, ఇ-1 నాటినుండి వచ్చిన పాలివాటు. మూడవది జంటల సంఖ్య. రెండు జంటలను కలిపి నాలుగు తీగల పద్ధతిని పెట్టినచో వేగము రెట్టింపై 4624 కిలోబిట్ల వరకు పోవును. కాని ఒక జంటలో జాయింటు చెడినను సేవయంతయు కుంటుపడవచ్చును.

నాలుగవది వేగము. పెట్టెలు రెండును మొదట జి.994.1 అను పద్ధతిలో పరస్పరము పలుకరించుకొని, తీగ స్థితిని కొలిచి, ఇరువురికిని సాధ్యమైన వేగమునకు ఒప్పుకొనును. అంకెను బిగించి పెట్టు వీలు కూడ కలదు. అనుభవజ్ఞులైన పనివాండ్రు ఆ వీలును దురాశతో వాడరు. దగ్గరి తీగకు 2312 కిలోబిట్లు సుఖముగా కుదురును. దూరము అయిదారు కిలోమీటర్లైనచో 192 దగ్గరనే తృప్తిపడవలసియుండును. రొదకును సంకేతమునకును నడుమ వదలు మార్జిను విషయమును ఇట్టిదే. ఎండకాలమున దానిని తగ్గించి వేగము సంపాదించినవాడు, తొలకరి వానకు జాయింటులో చెమ్మ చేరగానే లైను తెగి ఫిర్యాదు లందుకొనును.

ఇంతయు సరియై, దీపము నిలుకడగా వెలిగినను పని ముగిసినట్లు కాదు. ఆ లైనుపై ఏ.టి.ఎం. పద్ధతి నడచుచున్నచో వి.పి.ఐ., వి.సి.ఐ. అను రెండు అంకెలు ఇరువైపులను ఏకమై యుండవలెను. లేనిచో దీపము వెలుగుచుండగనే ఒక్క అక్షరమైనను దాటదు. ఇంటి నంబరు తప్పుగా వ్రాసిన ఉత్తరము బస్తీకి చేరియు గుమ్మము చేరనట్లు. చందాదారులు ఎక్కువగా విసిగిపోవునది ఈ స్థితియందే. ఎందుకనగా అన్నియు బాగున్నట్లే కనిపించును.

భారతదేశమున 2004 బ్రాడ్‌బ్యాండు విధానము సెకనుకు 256 కిలోబిట్ల వేగమును కనీసముగా నిర్ణయించెను; అదియు తెచ్చుకొను వేగమే. 2000 అక్టోబరు 1న ఏర్పడిన భారత్ సంచార్ నిగమ్ 2005 జనవరిలో ఇండ్లకు ప్రారంభించినది ఏ.డి.ఎస్.ఎల్. తెగకు చెందిన సేవ. టెలిఫోను మ్రోగుచుండగనే ఇంటర్నెట్టు నడచుట దానివలన సాధ్యమయ్యెను. సమవేగపు సేవ స్వరశ్రేణిని అడుగునుండియే ఆక్రమించును గావున దానిపై మామూలు టెలిఫోనునకు చోటులేదు. ఇంటివానికి ఆ ఒక్క కారణము చాలును. బ్యాంకు శాఖలకును, ప్రభుత్వ కార్యాలయములకును లీజుకిచ్చిన 64 కిలోబిట్లు మొదలు 2 మెగాబిట్ల వరకు గల లైనులలో ఎస్.హెచ్.డి.ఎస్.ఎల్. మోడెములు విరివిగా పనిచేసినవి. పాసుపుస్తకములో అచ్చుపడిన ఎన్నియో పంక్తులు ఆ జంట తీగలపై ప్రయాణము చేసినవే.

ఇంటివాడు కూడ పంపవలసినవాడేయని 2020లో లోకమునకు తెలిసివచ్చెను. పాఠశాలలు మూతపడగా ఉపాధ్యాయులు తమ ఇండ్లనుండి పాఠములు చెప్పవలసివచ్చెను. పిల్లల ముఖములు తెరపై బాగుగనే కనిపించెను. ఉపాధ్యాయుని ముఖము మాత్రము అవతల రాతిబొమ్మవలె నిలిచిపోవుచుండెను. మీట నొక్కుటకు సరిపోవునని గీసిన సన్నని దారిలో పాఠము పట్టలేదు.

నేడు రాగి స్థానమును గాజు నారలు ఆక్రమించుచున్నవి. బ్రిటనులో 2023 సెప్టెంబరునుండి పాత పద్ధతి టెలిఫోను లైనులను క్రొత్తగా అమ్ముట నిలిపివేసిరి. గాజులో కాంతి ప్రక్క నారలోనికి కారదు. క్రాస్‌టాక్ అను అడ్డంకియే లేదు. అయినను 2003లో ప్రమాణమై ఇండ్లకు విస్తారముగా చేరిన జీపాన్ పద్ధతిలో వచ్చుటకు సెకనుకు 2488 మెగాబిట్లు, పోవుటకు 1244 మెగాబిట్లు. రెండు దిక్కులకును సుమారు పది గిగాబిట్లిచ్చు ఎక్స్.జి.ఎస్.పాన్ 2016లో ప్రమాణమయ్యెను. ఆ పెట్టెలను అమర్చువాని యెదుట అనెక్సు గడి లేదు, జంటల గడి లేదు, పుపిను కాయిలును తీయించితిరా అను విచారణయు లేదు. కాని చందా పత్రముపై తెచ్చుకొను వేగమొకటి, పంపు వేగమొకటి అని రెండు అంకెలు మాత్రము నేటికిని వేరువేరుగా వ్రాయబడుచునే యున్నవి.